బాపు వల, అత్తమ్మ గోడ

మచ్చ బొల్లారంలో మేం సొంతింట్లోకి వచ్చిన రోజు, పాలు పొంగించి, చుట్టాలంతా వెళ్లిపోయాక, మా అత్తమ్మ హాలు మధ్యలో నిలబడి ఒకే ఒక్క మాట చెప్పింది.

"ఈ గోడకు ఒక్క మేకు గూడ కొట్టద్దు."

మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

తలుపు తీయగానే ఎదురుగా కనిపించే గోడ అది. మిగతా మూడు వైపులా కిటికీయో, గది తలుపో, వంటింటి దారో ఉన్నాయి. ఇదొక్కటే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అడ్డం లేకుండా ఉంది. పెయింటర్ లేత పసుపు వేస్తే బాగుంటుందన్నాడు. అత్తమ్మ పట్టుబట్టి తెల్లది వేయించింది.

నాది షామీర్‌పేట. చెరువు దగ్గర మాది ఒక్క గది ఇల్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపు చేపలు పట్టి, అమ్మి నన్ను చదివించాడు. ఆ ఇంట్లో గోడ అనేది ఖాళీగా కనిపించిందే లేదు. ఒక వైపు వలలు, వాటి పక్కన చేపల బుట్ట, టార్చిలైటు. ఇంకో వైపు అద్దం, దాని చుట్టూ నేను అంటించిన బొట్టుబిళ్లలు. దేవుడి బొమ్మ ఉందని తీసేయకుండా ఉంచిన పాత క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి. మేకుకు తగిలించిన కవరులో రేషన్ కార్డు. మీ ఇంటి గోడలు ఏ రంగు అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

ఇప్పుడు నేను మేడ్చల్‌లో ఒక ల్యాబులో పని చేస్తాను. పొద్దంతా తెల్ల గోడల మధ్య కూర్చుని వచ్చినవాళ్లకు రక్తం తీస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీస్తే మళ్లీ అదే తెల్ల గోడ. ఇల్లు చేరినట్టు అనిపించేది కాదు. ఇంకో షిఫ్టు మొదలైనట్టు ఉండేది.

మేకు కొట్టకుండా ఏదో ఒకటి పెడదామని చూశాను. అంటించే కొక్కెం తెచ్చి క్యాలెండర్ పెట్టాను. మర్నాటికి ఆ క్యాలెండర్ ఫ్రిజ్ పక్కకు చేరింది. సీతాకోకచిలుకల స్టిక్కర్లు అంటించాను. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె తడిగుడ్డతో వాటి జిగురు తుడుస్తూ ఉంది.

"ఎందుకు తీసినవ్ అత్తమ్మా?"

"పెయింటు పోతది."

అంతే. మా ఆయన ఒక కంపెనీ స్టాఫ్ బస్సు నడుపుతాడు. తెల్లారకముందే పోయి పొద్దుగూకాక వస్తాడు. ఆయనకు చెప్తే, "ఇప్పుడిప్పుడే వచ్చినం గద, కొన్నొద్దులు ఆగరాదు," అనేవాడు. నేను ఆగాను. ఆమెది ముసలితనపు మొండితనం అనుకున్నాను. లేకపోతే, ఈ ఇల్లు కొడుకుది, కోడలిది కాదు అని చెప్పడమేమో అనుకున్నాను. రెండోదే ఎక్కువసార్లు అనుకున్నాను.

వానలు మొదలయ్యాక బాపు కాలికి పుండు పడింది. నెల దాటినా మానలేదు. నేనే ఆయన్ని మా ల్యాబుకు తీసుకొచ్చి రక్తం తీశాను. రిపోర్టు కూడా డాక్టరు కంటే ముందు నేనే చదివాను. షుగర్ ఎంత ఉందో చూశాక కాసేపు ఆ కాగితం ఆయనకు ఇవ్వలేకపోయాను. ఇక నీళ్లలో దిగితే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. బాపు తల ఊపాడు. 

తర్వాతి సెలవు రోజు షామీర్‌పేట పోతే బాపు వాకిట్లో తన విసురువల పరుచుకుని కూర్చున్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే వల. చిరిగిన చోటల్లా అల్లుతూ వచ్చాడు కాబట్టి అందులో పాత దారం ఎంతో కొత్త దారం ఎంతో ఆయనకు కూడా తెలియదు. అంచు చుట్టూ సీసం గుండ్లు. ఆ బరువుకే వల నీళ్లలో విప్పుకుని అడుగుకు దిగుతుంది.

"ఇగ దీనితోని పనేముంది?" అన్నాడు. "సొరకాయ పందిరి మీద కప్పుదామనుకుంటున్న. కోతులు మస్తు సతాయిస్తున్నయ్."

ఆ మాట అంటూనే వేళ్లతో వలలోని ఒక కన్ను తడిమి, తెగిందేమో చూసుకున్నాడు.

"నాకియ్యి బాపూ," అన్నాను.

"నీకెందుకు?"

"గోడకు పెట్టుకుంట. మా హాల్ల."

ఆయన నా మొహం చూశాడు. ఆటకు అంటున్నాననుకున్నాడు. "వల గోడకు పెట్టుకుంటరా ఎవరన్నా? కంపు గొడ్తది బిడ్డా."

"ఉతుకుదాం."

నేను వెళ్లిపోయాక ఆయన మూడు రోజులు దాని మీదే కూర్చున్నాడట. కుంకుడుకాయ రసంలో నానబెట్టి, బోరు నీళ్లతో జాడించి, నీడలో ఆరబెట్టాడు. తెగిన కళ్లన్నీ మళ్లీ అల్లాడు. చూపు సరిగ్గా ఆనదు, వేళ్లతో తడుముకుంటూ ముడులు వేశాడు. నేను తీసుకోవడానికి పోయినప్పుడు సంచిలో పెట్టి ఇవ్వలేదు. విసిరేముందు మడిచినట్టే మడిచి, నన్ను చేతులు చాపమని, రెండు చేతుల మీదా పెట్టాడు.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. అత్తమ్మ అల్వాల్‌లో ఉన్న తన చెల్లెలింటికి పోయిన పూట చూసి ఆ వల పెట్టించాను. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరింది, చీకటి పడేలోపు వస్తానంది. ఆమె గేటు దాటగానే మా ఆయన్ని డ్రిల్లింగ్ మిషన్ తెమ్మన్నాను.

"అమ్మ ఒప్పుకోదు," అన్నాడాయన.

"పెట్టినంక చూస్తే ఒప్పుకుంటది."

ఐదు చోట్ల రంధ్రాలు వేశాడు. ప్రతి రంధ్రానికీ ముందు నా వైపు ఒకసారి చూశాడు. కొక్కేలు బిగించి వల తగిలిస్తే, పైన కుచ్చులా మొదలై కింద విప్పుకుని, గుండ్ల బరువుకు నిటారుగా నిలిచింది. కిటికీలోంచి వెలుగు పడి దాని నీడ గోడ మీద రెండో వలలా కనిపించింది. నాకు కడుపు నిండినట్టయింది. వెంటనే బాపుకు ఫోన్ చేశాను.

"మంచిగున్నదా?" అన్నాడు. "మీ అత్తమ్మ ఏమన్నది?"

"మంచిగున్నదన్నది బాపూ."

ఎందుకు అబద్ధమాడానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

"అయితే వచ్చే ఆదివారం వచ్చి చూస్త," అన్నాడు. ఆ గొంతులో అంత హుషారు విని చాలా రోజులైంది.

అత్తమ్మ వచ్చింది. చెప్పులు విప్పడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడింది. వల వైపు ఎక్కువసేపు చూడలేదు. కింద నేల మీద పడి ఉన్న తెల్లటి పొడి చూసింది. కాలి వేలితో దాన్ని కొద్దిగా కదిపింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "చెప్పిన గద," అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున నేను టిఫిన్ డబ్బా కట్టుకుంటుంటే వెనక నుంచి అంది.

"చేపల వల హాల్ల పెట్టుకుంటరా? వచ్చెటోళ్లు ఏమనుకుంటరు?"

నా ఒళ్లు మండింది. "మా బాపు చేపలు పట్టి నన్ను చదివిచ్చిండు. గదే అనుకోనీ."

"నేను గా మాట అనలే."

"మరే మాటన్నవ్?"

ఆమె పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూస్తూ నిలబడింది. నేనే పోయి కట్టేశాను.

ఆ రోజు నుంచి ఆమె హాల్లో కూర్చోవడం మానేసింది. టీవీ చూడలేదు. అన్నం పళ్లెం వంటింట్లోనే, గోడ వైపు వీపు పెట్టి. నాతో మాట్లాడాల్సిన మాటలు కొడుకుతో చెప్పించేది. "ఉప్పైపోయిందని చెప్పు." "రేపు నీళ్లొస్తయట, బిందెలు కడగమను." నేను రెండడుగుల దూరంలోనే ఉండేదాన్ని. గిన్నెలు పెట్టే చప్పుడును బట్టి ఆమె మనసు ఎలా ఉందో అంచనా వేయడం నేర్చుకున్నాను. మా ఆయన ఇంటికొచ్చాక చెప్పులు విప్పడానికే చాలాసేపు పట్టేది. మా ఇద్దరి మొహాలూ చూసి, ఏ గదిలోకి పోవాలో తేల్చుకోలేక, స్నానానికి పోయేవాడు.

నేనూ తగ్గలేదు. పొద్దున లేవగానే వల సర్దేదాన్ని, సర్దాల్సిన అవసరం లేకపోయినా. ఆమె చూడాలని.

శనివారం నాకు సగం రోజే డ్యూటీ. మూడు గంటలకు ఇంటికొచ్చాను. దారిలో రేపు బాపు వస్తాడని పప్పు, బెల్లం తీసుకున్నాను. తలుపు తోశాను. గోడ ఖాళీగా ఉంది.

ఐదు కొక్కేలు అలాగే ఉన్నాయి. వల లేదు.

అత్తమ్మ వంటింట్లో చాటలో బియ్యం చెరుగుతోంది.

"వలేది అత్తమ్మా?"

"దుమ్ము పట్టిందని తీసిన." తల ఎత్తలేదు. "సంచిల వేసి బయట పెట్టిన. పొద్దున పాత సామానోడు వచ్చిండు. పేపర్లతోని గా సంచి గూడ ఎత్కపోయినట్టున్నడు."

చేతిలో సరుకులు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. అరిచానో లేదో కూడా గుర్తులేదు.  మా ఆయనకు ఫోన్ చేస్తే, "బండి మీదున్న, స్టాఫును దింపి వచ్చేసరికి ఏడైతది," అని పెట్టేశాడు.

"వాడెట్లుంటడు?" అని అడిగాను.

"ఎవరు?"

"పాత సామానోడు."

"ఎట్లుంటడంటే... మొకం చూస్తే గుర్తుపడ్త."

"అయితే లే. నాతోని రా."

"నేనా?"

"నువ్వే. నాకు వాని మొకం తెల్వది గద."

రాదేమో అనుకున్నాను. ఆమె చాట పక్కన పెట్టింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. ఇంట్లో కట్టుకునే చీరతోనే చెప్పులేసుకుని నా కంటే ముందు గేటు దాటింది.

సందు చివర ఇస్త్రీ చేసే ఆయన్ని అడిగాం. పొద్దున మైకు పెట్టుకుని తిరిగింది నీలం ట్రాలీ ఆటో అని, అది అల్వాల్ వైపు పోయిందని, రైలు పట్టాల దగ్గర రెండు మూడు పాత సామాను దుకాణాలు ఉంటాయని చెప్పాడు. ఆటో ఎక్కాం. ఆమె ఆ చివర, నేను ఈ చివర. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత చోటు.

మొదటి దుకాణంలో ఇనుప చువ్వలు తూకం వేస్తున్నారు. అక్కడున్న ముగ్గురినీ అత్తమ్మ దగ్గరికి పోయి మరీ చూసింది. "వీళ్లు కాదు," అంది. దుకాణం యజమాని మా మొహాలు చూసి, ఏం పోయిందని అడిగాడు. చెప్పాను.

"గట్లయితే గేటు అవతల దుకాణంల అడుగుండ్రి. జల్దీ పోండ్రి. శనివారం ఐదింటికి లారీ వస్తది. ఉన్నదంత లోడ్ చేస్కపోతది."

ఫోనులో చూశాను. నాలుగున్నర దాటింది.

ఆటో రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. మా ముందు రెండు కార్లు, ఒక స్కూలు బస్సు, లెక్కలేనన్ని బండ్లు. దిగి నడుద్దామనుకున్నాను కానీ గేటు అవతల దుకాణం ఎంత దూరమో తెలియదు. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. రైలు జాడ లేదు. నేను ఫోనులో టైము చూస్తూనే ఉన్నాను.

"సంచి సంగతి అబద్ధం," అంది అత్తమ్మ.

నేను తిరిగి చూశాను. ఆమె రోడ్డు వైపే చూస్తోంది.

"వాడు ఎత్కపోలే. నేనే ఇచ్చిన. స్టూలెక్కి తీసి, చేతికిచ్చి, తీస్కపో అన్న."

ఆటోలోంచి దిగి ఆమెను అక్కడే వదిలేసి పోదామనిపించింది.  "మా బాపు రేపొస్తున్నడు," అని మాత్రం అనగలిగాను. "ఇగ చెర్ల దిగేది లేదని తెలిసినంక మూడు దినాలు కూసోని అల్లిండు అది. చేపలోళ్ల వల అని నీకు గంత..."

"వల మీద కాదు," అని అడ్డం వచ్చింది. "ఒట్టు బిడ్డా, వల మీద కాదు. గోడ మీద."

రైలు కూత వినిపించింది. ఆమె గొంతు పెంచి మాట్లాడింది. పెళ్లయినప్పటి నుంచి తను అద్దె గదుల్లోనే బతికిందని చెప్పింది. మామయ్య పోయాక బట్టలు కుట్టుకుంటూ కొడుకుని పట్టుకుని గది తర్వాత గది మారింది. ప్రతి ఇంట్లో మొదటి మాట మేకులు కొట్టొద్దనే.

"ఒక ఇంట్ల ఖాళీ చేసి పోతుంటే ఓనరమ్మ నా చెయ్యి పట్కొని గోడ కాడికి తీస్కపోయింది. లెక్కపెట్టు, ఎన్ని బొక్కలున్నయో నువ్వే లెక్కపెట్టు అన్నది. నా కొడుకు చూస్తనే ఉన్నడు. గవి నేను కొట్టినవి కావు, నా కంటె ముందున్నోళ్లు కొట్టిన్రు. చెప్తే ఇనలే. అన్నిట్ల పళ్ల పేస్టు నింపి, మీద సున్నం పూసి, అప్పుడు సామాను బయటికి తీసిన."

రైలు వచ్చింది. ఆ చప్పుడులో ఆమె ఆగింది. రైలు పోయాక మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి చిన్నగా.

"ఒక్క బొక్క గూడ లేని గోడ, నాది, దాని ముందర కూసోవాలె అని ఉండె. గంతే. రోజు పొద్దుగాల చాయ్ తాగుకుంట గదే చూస్తుంటి."

నిజమే. రోజూ పొద్దున ఆమె చాయ్ పట్టుకుని హాల్లో ఊరికే కూర్చునేది. ఏం తోచక కూర్చుందనుకునేదాన్ని.

"మరి చెప్పచ్చు గద!" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆటో డ్రైవరు అద్దంలో చూశాడు.

"ఏమని చెప్పాలె? ఖాళీ గోడ కావాలె అంటే నవ్వరా? మొదటి దినమే నవ్విన్రు."

నా కోపం పోలేదు. దాన్ని ఎటు తిప్పాలో తెలియలేదు, అంతే.

గేటు లేచింది. దుకాణం ముందు లారీ అప్పటికే ఆగి ఉంది. ఇద్దరు మనుషులు మూటలు పైకి విసురుతున్నారు. ఆటో పూర్తిగా ఆగకముందే అత్తమ్మ దిగింది. ఆమె పరుగెత్తడం అదే మొదటిసారి చూశాను. నీలం ట్రాలీ పక్కన బీడీ కాలుస్తున్న మనిషి చొక్కా పట్టుకుంది.

"వీడే! నాయినా, పొద్దున మచ్చ బొల్లారంల వల ఇచ్చిన గద. ఏది? వాపసియ్యి."

"ఏ వల అవ్వా?"

"చేపల వల! తెల్లది!"

అతను లారీ పైనున్న వాడిని కేకేసి ఆపాడు. గోనెసంచుల వెనక్కి పోయి వెతికాడు. నేను లారీ మీదకు పోయిన మూటలు చూస్తూ నిలబడ్డాను. చివరికి పాత గుడ్డల కుప్ప కింద నుంచి ఉండలా చుట్టిన వల లాగి తెచ్చాడు.

చేతికి తీసుకోగానే తెలిసింది. బరువు లేదు.

"సీసం కోసం తీస్కున్న అక్కా," అన్నాడు. "వలకేమొస్తది? గుండ్లు కోసి డబ్బల వేసిన. డబ్బ మధ్యాహ్నమే పోయింది."

అంచు మొత్తం కత్తితో కోసేశాడు. కొన్ని చోట్ల రెండు కళ్ల లోతు దాకా తెగిపోయింది. అత్తమ్మ పక్కకు వచ్చి, ఆ తెగిన అంచు వేళ్ల మధ్య పట్టుకుని, బట్ట చూసినట్టు చూసింది.

"ముట్టకు," అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మా ఆయనకు నేను ఒక ముక్క, ఆమె ఒక ముక్క చెప్పాం. ఆయన మా ఇద్దరి మీదా కాకుండా తన మీదే కోపం వచ్చినట్టు, "నేను డ్రిల్లే తేకపోవాలె," అన్నాడు. ఆదివారం పొద్దున నేనే వల మళ్లీ తగిలించాను. గుండ్లు లేక కింది భాగం ముడుచుకుపోయి గోడకు అతుక్కుంది. బాపుకు ఏం చెప్పాలో రకరకాలుగా అనుకున్నాను. ఎలుక కొట్టిందని చెప్పనా? బరువుకు కొక్కేలు ఊడాయని చెప్పనా?

పదకొండు గంటలకు బాపు వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. కాలికి కట్టు. చేతిలో రెండు సొరకాయలు. నన్ను పలకరించి, అల్లుడిని పలకరించి, నేరుగా గోడ దగ్గరికి పోయాడు. చూపు ఆనక ముందు చేత్తో తడిమాడు. పైన ముడి తడిమాడు, నడుమ కళ్లు తడిమాడు. చెయ్యి కిందికి దిగింది. అంచు దగ్గర ఆగింది.

 ఆయన తెగిన దారాలు ఒక్కొక్కటీ వేలితో చూసుకుంటూ ఆ చివరి దాకా పోయాడు. తర్వాత మా వైపు తిరిగి, నా మొహం చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తమ్మను చూశాడు.

"మంచి పని జేసిన్రు," అన్నాడు. "గుండ్లు మస్తు బరువు. గోడ ఆగకపోవు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగే వదిలేస్తే ఆ పూట గడిచిపోయేది. నేను వదిలేయడానికే సిద్ధంగా ఉన్నాను.

"అన్నా," అంది అత్తమ్మ. "గవి మీ బిడ్డ తియ్యలే. నేను ఆమెకు చెప్పకుంట పాత సామానోనికి ఇచ్చిన. వాడు కోసిండు. నిన్న ఇద్దరం పోయి తెచ్చినం."

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. బాపు మాత్రం కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. కట్టు ఉన్న కాలు మెల్లగా ముందుకు చాపుకున్నాడు.

"ఎందుకు చెల్లే?" అన్నాడు. "మా పని తక్కువనిపిచ్చిందా మీకు?"

అలా సూటిగా అడుగుతాడని నేననుకోలేదు. పెళ్లి చూపులప్పుడు కూడా ఆయన ఆమె ముందు గొంతెత్తి మాట్లాడలేదు.

"మా అమ్మ తోడు, గది కాదన్నా." ఆమె గుమ్మం పట్టుకుంది. "నాకు గోడ ఖాళీగ ఉండాలె. ఇన్నేండ్లు మంది ఇండ్లల్ల ఉన్న. గందుకు."

"గంతేనా?"

"గంతే."

బాపు తల ఊపాడు.  "మా ఇంట్ల ఖాళీ గోడ లేకుండె చెల్లే. సామాను పెట్టేందుకు తావు లేక గోడకు పెట్టినం. సోకుకు కాదు. ఈమెకు చిన్నప్పటి నుంచి గట్లనే అలవాటైంది." నా వైపు తిరిగి వల చూపించాడు. "తీసెయ్ బిడ్డా. వాళ్ల గోడ."

"అంటే నాకు గోడే లేదా?" అని అరిచాను.

బాపు ముందు నేను అలా అరవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. "నేను గూడ ఈ ఇంట్లనే ఉంటున్న గద. ఆమెకు ఆమె గోడ, నీకు నీ వల. మరి నాకేది? పొద్దంత పని చేసొచ్చి నేను దేని మొకం చూడాలె?"

  అత్తమ్మ హాలంతా ఒకసారి చూసింది, పొలంలో హద్దులు చూసినట్టు. వంటింటి దారి పక్కనున్న గోడ వైపు వేలు చూపించింది.

"గా గోడ తీస్కో," అంది. "గోడ మొత్తం నీది. మేకులు కొట్టుకో, ఏమన్న జేస్కో. నేనేమనను."

మా ఆయనకు ఎక్కడ నుంచి వచ్చిందో నవ్వు వచ్చింది. ఎవరూ కలవకపోయేసరికి ఆపుకున్నాడు.

ఆ గోడ పెద్దదాంట్లో సగం కూడా ఉండదు. బాపు వలను రెండుగా మడిచి కొలత చూశాడు. పడుతుందన్నాడు. అయితే కోసిన చోటి నుంచి ఊడిపోతూ వస్తుందని, ముందు అంచు కట్టాలని అన్నాడు. అత్తమ్మ లోపలికి పోయి కుట్టుమిషన్ పెట్టెలోంచి లావు దారం తెచ్చింది. నా వైపు ఒకసారి చూసింది. నేను సొరకాయ తీసుకుని వంటింట్లోకి పోయాను.

కూర కోస్తూ వింటూనే ఉన్నాను. "గట్ల కాదు చెల్లే, గిట్ల. దారం కింది నుంచి రావాలె." "గిట్లనా?" "ఆ. ఇగ గట్టిగ గుంజు." వాళ్లిద్దరూ నేల మీద కూర్చుని, చెరో చివర నుంచి ముడులు వేసుకుంటూ వచ్చారు. అన్నం వండటం అయిపోయినా వాళ్ల పని ఇంకా కాలేదు. నేను బయటికి రాలేదు. వస్తే మళ్లీ ఏదో అనేస్తానని భయం. రానందుకు ఇప్పుడు కొద్దిగా బాధగా ఉంటుంది.

సాయంత్రం మా ఆయన నా గోడకు మూడు రంధ్రాలు వేశాడు. పెద్ద గోడ నుంచి కొక్కేలు పీకి, ఐదు చోట్ల పుట్టీ నింపి, తెల్ల రంగు పూశాడు. రంగు కలవలేదు. పొద్దున ఏటవాలుగా వెలుగు పడ్డప్పుడు ఆ ఐదు మచ్చలూ కనిపిస్తాయి. అత్తమ్మ మళ్లీ అక్కడ చాయ్ పట్టుకుని కూర్చుంటుంది. కళ్లు వాటి మీదికి పోతాయో లేదో నేను అడగలేదు. ఆమె లేని పూట చేసిన పనికి తప్పయిందని కూడా నేను ఇంతవరకు అనలేదు. ఆమె తన తప్పు ఒప్పుకుంది, బాపు ముందు. నేను అనలేకపోయాను.

గుండ్లు లేవు కాబట్టి ఫ్యాను వేస్తే వల కదులుతుంది. కింది అంచు లేచి గోడకు తగిలి చిన్న చప్పుడు చేస్తుంది. అత్తమ్మకు ఆ చప్పుడు పడదు. టీవీ చూస్తూ లేచి ఫ్యాను రెండుకు తగ్గిస్తుంది. వంటింట్లోంచి వస్తూ నేను మళ్లీ నాలుగుకు పెంచుతాను. ఆమె నా వైపు చూస్తుంది. ఉక్కపోస్తాంది అంటాను. సలి పెడ్తాంది అంటుంది.